వరుస తేలేదాకా కొత్తాయనే

మా అవ్వకు, అంటే మా అమ్మకు, మనుషులంటే భయం లేదు. వరుస తెలియని మనుషులంటేనే భయం.

కరీంనగర్ బస్టాండు నుంచి మా వాడకు ఆటోలో వచ్చే కాస్త సేపట్లోనే ఆటో అతని ఊరు, ఇంటిపేరు, తల్లి పుట్టిల్లు, అక్కచెల్లెళ్లను ఇచ్చిన ఊళ్లు అన్నీ అడిగేస్తుంది. మా గేటు దగ్గర ఆటో ఆగేసరికి అతనికి చిన్నమ్మ అయి దిగుతుంది. అతను సంచి మోసుకొచ్చి గడపలో పెట్టి "పోయొస్త చిన్నమ్మా" అంటాడు. ఒకసారి దవాఖానలో సెలైన్ ఎక్కించడానికి వచ్చిన నర్సమ్మను, సూది గుచ్చేలోపలే మేనకోడలిని చేసేసింది. ఆ పిల్ల మురిసిపోయి నరం తప్పింది. చెయ్యి వాచింది. "పోనీలే, ఇంటి పిల్లే కదా" అని అవ్వ సంతోషంగానే వాపుకు కాపడం పెట్టుకుంది.

దీన్ని ఊరికే మాట కలపడం అనుకుంటే పొరపాటు. ఒకసారి అవ్వ నోటి నుంచి వచ్చిన వరుస మా ఇంట్లో మారదు. ఎవరికి కాళ్లు మొక్కాలో, ఎవరితో పరాచికాలాడాలో, ఎవరికి పిల్లనియ్యొచ్చో, ఎవరికి ఇయ్యకూడదో అన్నీ దాన్ని బట్టే నడుస్తాయి. మా అవ్వ తమ్ముడని పిలిచిన పాపానికి గ్యాసు సిలిండర్లు తెచ్చే అతనికి నేను ఇప్పటికీ మేనల్లుణ్ణే. కనబడినప్పుడల్లా నా చదువు గురించి అడుగుతాడు. నేను చదువు చెప్పేవాణ్ణి, చదివేవాణ్ణి కాదు మామా అంటే వినడు.

అటువంటి ఇంట్లోకి లాక్‌డౌన్‌కు కాస్త ముందు ఒక పశువుల డాక్టరు కిరాయికి దిగాడు. సొంతూరు ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న పల్లె. బదిలీ మీద కరీంనగర్ వచ్చాడు. నలభైకి అటూ ఇటూగా ఉంటాడు, పెళ్లి కాలేదు. సామానంటే ఒక పరుపు, ఒక పెట్టె, ఒక బస్తా జొన్నపిండి. సామాను పైగదికి చేరకముందే అవ్వ మెట్ల దగ్గర పట్టుకుంది.

"ఏ ఊరు మీది?"

చెప్పాడు. ఆ ఊళ్లో అవ్వకు ఎవరూ తెలియదు. ఇంటిపేరు అడిగింది. ఎన్నడూ విననిది. తల్లి పుట్టిల్లు ఎక్కడంటే మహారాష్ట్ర లోపలికి ఇంకా పోవాలన్నాడు. అక్కచెల్లెళ్లు లేరన్నాడు. ఇక అడగడానికి అవ్వ దగ్గర ప్రశ్నలు లేకపోయాయి. ఆమె జీవితంలో అట్లా జరగడం అదే మొదలు.

అతను మాత్రం చక్కగా చేతులు జోడించి "నమస్తే మౌశీ" అన్నాడు. అదేదో ఆ దిక్కు మర్యాద మాట కాబోలనుకుని అవ్వ తల ఊపింది.

ఆ వెంటనే దేశమంతా తలుపులు మూసుకుంది. నా భార్య పురిటికని పుట్టింటికి పోయి అక్కడే ఇరుక్కుంది. ఇంట్లో అవ్వ, అక్క, నేను. పైన ఆయన. వరుస తెలియని మనిషితో ఒకే కప్పు కింద బతకడం అవ్వకు నరకమైపోయింది. ఏమని పిలవాలో తెలియక గాలితో మాట్లాడేది. ఆయన వాకిట్లోకి వస్తే గోడవైపు తిరిగి "నల్లా నీళ్లొచ్చినయట. పట్టుకునేటోళ్లు పట్టుకోవచ్చు" అనేది. ఆయన కూడా మర్యాదస్తుడు కాబట్టి గోడవైపే చూసి "పట్టుకుంట మౌశీ" అనేవాడు.

టీవీలో పొద్దున లేస్తే నోవెల్ కరోనా, పడుకుంటే నోవెల్ కరోనా. ఒకరోజు అవ్వకు చిరాకెత్తింది.

"నోవెల్ అంటే ఏందిరా? రోజు గదే అంటున్నరు."

నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఆ రోజుల్లో నా క్లాసులన్నీ ఫోన్లోనే. పిల్లలు ముఖాలు చూపించరు, గొంతులు వినిపించరు. నేను కప్ప గుండె గురించి గోడకు చెప్పుకుంటూ బతుకుతున్నాను. ఒక మనిషి ఎదురుగా కూర్చుని నన్ను ప్రశ్న అడిగేసరికి మానేరు డ్యాం గేట్లు ఎత్తినట్టే అయింది.

"నోవెల్ అంటే కొత్తదని అవ్వా."

"కొత్తదంటే? మొన్న పుట్టిందా?"

"ఎప్పుడు పుట్టిందో ఎవలకెరుక. ఏ జంతువుల ఎన్నేండ్ల సంది ఉన్నదో. మనుషులకు మాత్రం కొత్తది. ఇంతకుముందు మనుషుల్ల దాన్ని ఎవ్వలు చూడలే."

"చూడలేదని ఎట్ల తెలుస్తది?"

ఇది మంచి ప్రశ్న. నా క్లాసులో ఇంతవరకు ఎవరూ అడగలేదు. రోగి నుంచి తీసిన నమూనాలో వైరస్ దొరికితే దాని లోపలి జన్యువుల రాతను మొదటి నుంచి చివరిదాకా చదువుతారని, అప్పటికే తెలిసిన వైరస్‌ల రాతల పక్కన పెట్టి చూస్తారని చెప్పాను. ఇది కరోనాల కుటుంబంలోదేనని తేలింది కాని, ఆ కుటుంబంలో తెలిసిన వాళ్లలో ఎవరితోనూ సరిగ్గా కలవలేదు. ఇంటిపేరు తెలిసింది, మనిషి తెలియలేదు. అందుకని సొంతపేరు పెట్టేదాకా కొత్త కరోనా అన్నారు. మన ఒంటికి కూడా అది కొత్తే. ఇదివరకు వచ్చిపోయిన వైరస్‌నైతే లోపలి సిపాయిలు గుర్తుపట్టి తరుముతారు. దీన్ని చూసి ఎవరో ఏమో అని ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నిలబడతారు. అంతలో అది పని కానిచ్చుకుంటుంది.

అవ్వ చిక్కుడుకాయలు గిల్లుతూ అంతా విన్నది. విని, "అంటే దానికి ఇంక వరుస కలుపలేదన్నట్టు" అన్నది.

నాకు కోపం వచ్చింది. చెమటలు కక్కుతూ చెప్పిన పాఠాన్ని చిక్కుడుకాయ గిల్లినట్టు గిల్లేసింది. కాని తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. పరీక్షలో అట్లా రాస్తే నేనే మార్కులు వేసేవాణ్ణి.

"దానికి పేరు పెట్టెటోళ్లున్నరా మరి?"

"ఉన్నరు. వైరస్‌ల పేర్లకు ఒక కమిటీనే ఉన్నది. పేరు గూడ పెట్టేసిండ్రు. అయినా టీవీల ఇంక నోవెల్ నోవెల్ అనుకుంటనే ఉన్నరు."

"కొడుకులు బడికి పోయెదాక కోడలిని కొత్త కోడలన్నట్టు" అన్నది అవ్వ. తర్వాత మిద్దె వైపు చూసి గొంతు తగ్గించింది. "మరి గాయనకు వరుస ఎప్పుడు కలుస్తదిరా? నాకు పరేషాన్ అయితుంది."

అప్పటికి ఆయన మీద అవ్వకు ఇష్టం కలగడం మొదలైంది. కారణం కోళ్లు. కోళ్ల వల్లనే కరోనా వస్తుందని ఊరంతా పుకారు పుట్టి, మా మిద్దె మీది నాలుగు కోళ్లను ఏం చేయాలో తెలియక అవ్వ ఏడుపు మొహం పెట్టుకుని తిరుగుతుంటే డాక్టరు గోడవైపు చూస్తూ ధైర్యం చెప్పాడు. "కోళ్లకు వేరే కరోనా ఉంటది మౌశీ. దూడలకు గూడ ఉంటది. మాకు అవి పాతయే. కోడిది మనకు రాదు. ఫికర్ చెయ్యకుండ్రి." కోళ్లు బతికాయి. ఆ సాయంత్రం అవ్వ ఒక గుడ్డును మెట్టు మీద పెట్టి, "ఎవలన్న తినేటోళ్లు తినొచ్చు" అని గోడకు చెప్పింది.

ఇక అక్క సంగతి. అక్క నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది. ముందుగదిలో మిషన్ వేసుకుని వాడలోని ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది. సంబంధాలు వచ్చే కాలంలో బాపుకు, అంటే మా నాన్నకు, పక్షవాతం వచ్చింది. బాపు పోయాక సంబంధాలు రావడం మానేశాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. అట్లా జరిగిపోయింది, మేమంతా అలవాటు పడిపోయాం.

లాక్‌డౌన్‌లో జాకెట్లు ఆగిపోయి అక్క లైనింగ్ గుడ్డలతో మాస్కులు కుట్టడం మొదలుపెట్టింది. వాడలో అందరికీ ఒకే కొలత. నాకిచ్చిన మాస్కు కళ్లదాకా వచ్చేది. డాక్టరుకు మాత్రం కొలత తీసుకోవాలన్నది. రోజూ పశువుల దవాఖానకు పోయే మనిషి కదా అన్నది. దూరం పాటించాలి కాబట్టి టేపును ఆయన మీదికి విసిరింది. ఆయన వాకిట్లో నిలబడి తన మొహాన్ని తానే కొలుచుకుని, చెవి నుంచి ముక్కుదాకా ఇంత, ముక్కు నుంచి గడ్డందాకా ఇంత అని అరిచి చెప్పాడు. "ముక్కు గంతనే ఉన్నదా, మళ్ల కొలువుండ్రి" అని అక్క గడపలో నుంచి అరిచింది. మళ్లీ కొలిచాడు. ఆయన ముక్కు పొడవు వాడంతటికీ తెలిసిపోయింది. అక్క పడి పడి నవ్వింది. ఆ నవ్వు విని నేను ఫోన్లో క్లాసు ఆపేశాను. అక్క అట్లా నవ్వగలదని నేను మరిచేపోయాను.

ఆ రోజే అక్క నన్ను మిషన్ దగ్గరికి పిలిచింది.

"తమ్మీ, అవ్వ హుస్నాబాద్ మామకు ఫోన్ చేస్తదట. ఆయన వరుస కనుక్కోమని."

"చేస్తే చెయ్యనీ అక్కా."

"వద్దు. ఆపు."

"ఎందుకు?"

అక్క దారం కొరికింది. "అన్న వరుస అయితదేమో."

"అయితే ఏమైత..." అని సగంలో ఆగాను. చదువుకున్నవాణ్ణే కాని కొన్ని విషయాలు నాకు ఆలస్యంగా ఎక్కుతాయి.

"నాకాయన మంచిగనిపిస్తుండు" అన్నది అక్క, మిషన్ సూది వైపు చూస్తూ. "ఆయనకు నేనెట్లనిపిస్తున్ననో తెల్వది. తెలిసేదాక ఏ వరుస కలుపనియ్యకు. అవ్వ నోట్లకెల్లి ఒక్కసారి అన్న అని వచ్చిందంటే అయిపాయె. ఇగ నేను రాఖీ కట్టుకుంట కూసోవాలె."

అక్క నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తు లేదు. ఎట్లాగైనా ఆపుతానని మాటిచ్చాను.

కాని అప్పటికే ఆలస్యమైంది. అవ్వ ఫోన్ పట్టుకుని ఉంది. ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేసినా ముందు ఒక దగ్గు వినిపించేది, తర్వాత కరోనా జాగ్రత్తలు. దగ్గు వినగానే అవ్వ ఫోన్‌ను చేయి చాచినంత దూరం పట్టుకుని, కొంగుతో ముక్కు మూసుకుని, దగ్గు అయిపోయాక దగ్గరికి తెచ్చుకునేది. అవ్వ తమ్ముడైన ఈ మామకు హుస్నాబాద్‌లో బట్టల దుకాణం. అది మూతబడి మనిషి ఖాళీగా ఉన్నాడు. వరుసలు తీయడంలో ఆయన మా కుటుంబానికంతటికీ పెద్ద దిక్కు. రెండు రోజులు ఎవరెవరికో ఫోన్లు చేసి, మనోళ్లేనని ముందు తేల్చాడు. మూడో రోజు ఇంకో నాలుగు ఊళ్లు, ఐదారు పెళ్లిళ్లు దాటుకుని వచ్చి ఫలితం చెప్పాడు.

"అక్కా, నీకు కొడుకు వరుస. పోరగాండ్లకు అన్న అయితడు."

స్పీకర్లో ఆ మాట వినగానే ముందుగదిలో మిషన్ ఆగింది. నేను ఒక్క ఉదుటున లేచాను.

"ఆగవ్వా! ఇంక నోటితోని అనకు. సైన్సుల ఒక్క ల్యాబు చెప్పిందని నమ్మరు. రెండో ల్యాబు గూడ అదే చెప్పాలె. అప్పటిదాక కొత్తదనే అంటరు."

"మామ ల్యాబారా?"

"మామ ఒక ల్యాబు. పెద్దమ్మ ఇంకో ల్యాబు."

పెద్దమ్మ, అంటే అవ్వకు అక్క, కొండగట్టు కింద ఉంటుంది. మామ చెప్పిన దేన్నీ ఆమె పుట్టుకతోనే ఒప్పుకోదు. నేను ఆమెను ఎంచుకున్నది అందుకే. ఆమె వేరే దారిలో లెక్క తీసి డాక్టరు అవ్వకు మరిది అవుతాడని తేల్చింది. ముగ్గురినీ ఒకే కాల్‌లో కలిపాను. ఎప్పుడో జరిగిన ఒక పెళ్లిలో పెళ్లికూతురు మొదటి భార్య బిడ్డనా, రెండో భార్య బిడ్డనా అని మామ, పెద్దమ్మ గంటసేపు కొట్లాడుకున్నారు. "నువ్వప్పుడు లాగు తొడుక్కునుడు గూడ రానోనివి, నీకేమెరుక" అని పెద్దమ్మ, "నువ్వా పెండ్లికే రాలే, అలిగి ఇంట్ల పండుకున్నవ్" అని మామ. చివరికి ఇద్దరూ ఫోన్లు పెట్టేశారు.

అవ్వ తల పట్టుకుంది. "కొడుకంటడొకడు, మరిదంటదొకతి. ఇగ నాతోని గాదు. తేలేదాక కొత్తాయనే."

అట్లా ఆయనకు ఆ పేరు ఖాయమైంది. వాడంతా కొత్తాయన అనడం మొదలుపెట్టింది. అక్క ఆ సాయంత్రం నాకు పెసరట్టు వేసిపెట్టింది. కారం ఎక్కువైంది కాని తిన్నాను.

గండం గడిచిందనుకుంటే గోడ అవతలి నుంచి ఇంకోటి వచ్చింది. మా పక్కింటి ఖాలా పుట్టిల్లు ఆదిలాబాద్. డాక్టరు అవ్వకు నమస్తే చెప్పి పోతుంటే విని, నన్ను గోడ దగ్గరికి పిలిచింది.

"మీ అమ్మకు చెల్లె కొడుకు దొరికిండు బేటా. రోజు మౌశీ మౌశీ అంటుండు."

"గదేందో గౌరవానికి అంటడు ఖాలా."

"గౌరవం ఏంది? మౌశి అంటే అమ్మ అక్కచెల్లెలు. మీరు నన్ను ఖాలా అంటరు చూడు, గట్లనే."

మామ ల్యాబులు, పెద్దమ్మ ల్యాబులు ఎందుకు, ఆయనే దిగిన రోజు నుంచి రోజుకు నాలుగుసార్లు తన నోటితో తాను అక్కకు అన్న అయిపోతున్నాడు. అవ్వకు తెలిసిందో, అక్కడితో కథ అయిపోతుంది. చెప్పొద్దని ఖాలాను బతిమాలాను. కారణం చెబితేనే అన్నది. చెప్పాను. "హాయ్ అల్లా!" అని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నోటిని నేను నమ్మలేదు కాని, నిజం చెప్పాలంటే ఆమె చివరిదాకా మూసుకునే ఉంది. ఆ కష్టానికి ఆమెకు ఎంత ఆయాసం వచ్చిందో నేను కళ్లారా చూశాను.

నేను నేరుగా పైకి ఎక్కాను. డాక్టరు రొట్టెలకు జొన్నపిండి కలుపుతున్నాడు.

"డాక్టర్ సాబ్, మా అవ్వను మౌశి అనకుండ్రి."

"ఎందుకు సార్? గౌరవంగనే అంటున్న కదా."

"గట్లంటే మీరు మాకు అన్న అయితరు."

"మంచిదే కదా సార్."

"మా అక్కకు గూడ అయితరు."

ఆయన చేతులు పిండిలోనే ఆగిపోయాయి. చెవుల నుంచి మొదలై మొహమంతా ఎర్రబడింది. "గట్లయితే వద్దు" అన్నాడు. ఎంత తొందరగా అన్నాడంటే, నేనిక వేరే ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. నాకు అక్కడే ఎగిరి గంతు వేయాలనిపించింది. గది చిన్నది కాబట్టి వేయలేదు.

"మరి ఏమని పిలువాలె సార్?"

ఏమని పిలిచినా ఏదో ఒక వరుసలో ఇరుక్కుంటాం. నేను బాగా ఆలోచించాను. "ఇప్పుడే ఏమనకుండ్రి."

"వాకిట్లకు వచ్చి ఊకె నిలబడాల్నా? ఆమె అటు తిరిగి ఉంటది."

"జర దగ్గుండ్రి. వినవడుతది."

నెల రోజులుగా పిల్లలకు దగ్గు గురించి పాఠాలు చెబుతున్న జువాలజీ లెక్చరర్ ఇచ్చిన సలహా ఇది. ఆ సమయంలో నాకు అది చాలా తెలివైనదిగానే అనిపించింది.

ఆయన మాట మీద నిలబడే మనిషి. పొద్దున నీళ్లకు వచ్చి దగ్గాడు. దవాఖానకు పోతూ దగ్గాడు. వచ్చి దగ్గాడు. మాస్కు కోసం వచ్చి అక్క గడప ముందు కాస్త మెల్లగా, ముద్దుగా దగ్గాడు. రెండో రోజుకు ఎదురింటి రిటైర్డు సారు బాల్కనీలో నిలబడి గమనించడం మొదలుపెట్టాడు. మూడో రోజుకు మా గేటు ముందు తెల్లటి తొడుగులు వేసుకున్నవాళ్లు దిగారు. వాడ మొదట్లో కట్టెలు అడ్డం కట్టారు.

నేను పరుగెత్తుకుంటూ పోయి అది దగ్గు కాదన్నాను. మరేంటన్నారు. పిలుపు అన్నాను. వాళ్లు నా నుదురు దగ్గర కూడా జ్వరం చూసే మిషన్ పెట్టారు.

డాక్టరును అంబులెన్సు దగ్గర నిలబెట్టి ఒకతను వివరాలు అడిగాడు. ఊరు చెప్పాడు. ఉద్యోగం చెప్పాడు. తర్వాత అతను మమ్మల్ని చూపించి అడిగాడు. "ఈ ఇంటోళ్లకు మీరు ఏమైతరు?"

గోడ అవతల ఖాలా ఊపిరి బిగపట్టింది. డాక్టరు అవ్వ వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. నా వైపు చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఆ తర్వాత, ఇచ్చిన మాట తప్పకుండా, గట్టిగా దగ్గాడు.

ఒక్క క్షణంలో ఆయన్ని లోపలికి ఎక్కించి తలుపు వేసేశారు.

బండి మలుపు తిరిగేదాకా నాకు నవ్వు వస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే అక్క ఏడుస్తోంది. కొంగు అడ్డం పెట్టుకుని కాదు, వాకిట్లో నిలబడి బహిరంగంగా ఏడుస్తోంది. నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"గంత ఏడుపెందుకే?" అన్నది అవ్వ బిత్తరపోయి. "పరీక్ష చేసి తోలిస్తరు. ఆయన మనకేమైతడని?"

"ఏమి గాడు" అన్నది అక్క. "గందుకే ఏడుస్తున్న."

తర్వాత ఆగలేదు. "ఈ వాడల అందరికి నేను ఏదో ఒకటి అయిత. ఒకలకు అక్క, ఒకలకు చిన్నమ్మ, ఒకలకు మేనత్త. అందరు వరుస పెట్టి పిలిచి, జాకెట్టు తీసుకొని పోతరు. మొకం దిక్కు ఎవ్వలు చూడరు. ఆయనకు నేను ఏమి గాను అవ్వా, గందుకే నన్ను చూసిండు. కుట్టుడు ఎవల దగ్గర నేర్చుకున్నవని అడిగిండు. ఏ రంగు గుడ్డ కుట్టుడంటే ఇష్టమని అడిగిండు. ఈ ఇంట్ల ఎవ్వలన్న అడిగిండ్రా ఎన్నడన్న? ఆయనను తీస్కచ్చి నాకు అన్నను చేస్తవా?"

ఆ మిషన్ చప్పుడులోనే నేను పెరిగాను, చదువుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. అక్క కుట్టడం ఎవరి దగ్గర నేర్చుకుందో నాకూ తెలియదు. నాకు సిగ్గేసింది.

అవ్వ కోళ్లకు నూకలు వేసింది, వేసినవాటికే మళ్లీ వేసింది. తర్వాత ఫోన్ తీసి మామకు చేసింది. ఈసారి దగ్గు వచ్చినా ఫోన్ దూరం పెట్టలేదు.

"తమ్మీ, ఇగ లెక్కలు బంద్ చెయ్యి."

"అన్న వరుస అని నేను తేల్చిన కదక్కా! పెద్దక్కకు తెల్వదు, ఆ పెండ్లిల..."

"నా బిడ్డ ఏడుస్తుందిరా. నీ వరుసను నీ దుకాణంల మడతపెట్టి పెట్టుకో." ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "నేను కలుపను. ఎవ్వలు కలుపొద్దు. ఆయన వచ్చినంక ఆయనే ఏదన్న అనని."

ఎదురుచూపులంటే ఏమిటో ఆ రోజుల్లో తెలిసింది. అక్క తినలేదు. అవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కింది. మొక్కేటప్పుడు ఆయన్ని ఏమని చెప్పాలో తెలియక, "స్వామీ, గా మా మిద్దె మీదాయన" అని ఆనవాలు చెప్పింది. ఖాలా గోడ మీది నుంచి సేమియా పంపింది. నేను క్లాసులో కప్ప గుండెను రెండుసార్లు తప్పు చెప్పాను, ఎవరూ పట్టుకోలేదు.

రిపోర్టులో ఏమీ లేదని తేలింది. ఒక పొద్దున ఆటో వాడ మొదట్లోనే ఆగితే, చేతిలో సంచితో ఆయన నడుచుకుంటూ వచ్చాడు. చిక్కిపోయాడు. అక్క కుట్టిన మాస్కే ఉంది మొహానికి. గేటు దగ్గర ఆగాడు. అవ్వ వాకిట్లో ఉంది, ఈసారి గోడవైపు తిరగలేదు. నేను ఆయన గొంతు వైపే చూశాను. దయచేసి దగ్గకు నాయనా అనుకున్నాను.

ఆయన దగ్గలేదు. మాస్కులో నుంచి ఏదో గొణిగాడు.

"ఏందీ?" అన్నది అవ్వ.

మళ్లీ గొణిగాడు.

"వినవడలే. జర ఎనకకు జరిగి, మాస్కు తీసి అను."

ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. మాస్కు కిందికి లాగాడు. ఎదురింటి సారు బాల్కనీలోకి వచ్చాడు. ఖాలా స్టూలు ఎక్కి గోడ పట్టుకుంది.

"అత్తమ్మా" అన్నాడు. వాడంతా మోగింది. "మంచిగున్నరా అత్తమ్మా?"

మిద్దె మీద కోడి గోకితే లోపలి నుంచి ఏ కోడో చెప్పగల చెవులు మా అవ్వవి. ఆమెకు మొదటిసారే వినబడిందని నాకు తెలుసు. అయినా ఇంకోసారి అనిపించుకుంది. కళ్లు తుడుచుకుని, ముందుగది కిటికీ వైపు తిరిగి పిలిచింది.

"బిడ్డా, మిషన్ ఆపి బయటికి రా. నిన్ను చూస్తందుకు వచ్చిండు."